మొగులయ్య బిగించిన చక్రం

మా ఆయన మొగులయ్యను మగ్గం తప్ప మరొకటి ముట్టుకోనివ్వకూడదు. కోపంతో అనడం లేదు. కోపమూ ఉంది, అది వేరే సంగతి. గద్వాల నుంచి చీరల మూటలు బస్సుల్లో మోయలేక పాత అంబాసిడర్ కొన్నాడు. నిన్న ముందు చక్రం పంచరైతే, మెకానిక్ దండగని తానే విప్పి తానే బిగించాడు.

ఇవాళ వనపర్తిలో, మా దగ్గర చీరలు కొనే వాళ్ల పిల్ల భాగ్యలక్ష్మి పెళ్లి. తలంబ్రాల చీర మేం నేసిందే. అది అందేదాకా పీటల మీద కూర్చోనని పిల్ల కబురు పంపింది. తెల్లారగానే చీర ఒళ్లో పెట్టుకుని కారెక్కాను. ఊరు దాటామో లేదో, కింద టకటకమని చప్పుడు.

"ఏందయ్యా అది?"

"మామను విననియ్యి" అన్నాడు మా ఆయన.

వెనక సీట్లో మార్కండేయ మామ ఉన్నాడు. మా వీధిలో ఏ మగ్గం పాడైనా చప్పుడు విని రోగం చెప్పేది ఆయనే. కళ్లు మూసుకుని, మగ్గం తొక్కినట్టు కారు అడుగును కాళ్లతో తొక్కాడు.

"నాడె కొనకు తగుల్తుంది" అన్నాడు.

"పోగును అటూ ఇటూ మోసే నాడె కారుకు యాడిది మామా?" అన్నాను.

"ఉన్నదో లేదో నాకు తెల్వదు. ఉంటే మాత్రం గదే."

మా ఆయన వెంటనే కారు ఆపాడు. నా సంచిలోని తలనూనె తీసి, నాడెకు పూసినట్టు చక్రం చుట్టూ పూసి వచ్చాడు. చప్పుడు రెట్టింపైంది. ఇప్పుడు పోగులు దూరే పన్నె వదులైందన్నాడు మామ. డాక్టరు మాట విన్నట్టు తలూపాడు మా ఆయన. నాకేమో ముహూర్తం దగ్గరపడుతోందని ఒకటే దడ.

బీచుపల్లి వంతెన దాటాక చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"చూసినవా, సర్దుకుంది" అన్నాడు మా ఆయన.

అంతలో ఒక చక్రం మమ్మల్ని దాటుకుని పల్లిచేనులోకి పోయింది. కారు ఓ పక్కకు ఒరిగి, రోడ్డును గీరుకుంటూ నిలబడింది.

"నట్లు బిగించినవా, లేదా?" అన్నాను.

"సగం బిగించిన. గట్టిగ బిగిస్తే తెగిపోదా?"

పడుగు బిగిస్తే పోగు తెగుతుందని నాకూ తెలుసు. నేనూ నేసేదాన్నే. కానీ ఇనుము కూడా అట్లే తెగుతుందని భయపడే మనిషిని ఈయన్నే చూశాను. పైగా మామ, "నిజమే, జర సడలు ఉండాలె" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అక్కడ పిల్ల చీర కోసం కూర్చుంది, వీళ్లిద్దరూ చేన్లో చక్రం వెతుకుతున్నారు.

వెనక నుంచి వనపర్తి బస్సు వచ్చింది. రోడ్డుకు అడ్డం నిలబడి ఆపాను. ముహూర్తానికి అందుతామా అని అడిగితే, అందుతాం ఎక్కమన్నాడు డ్రైవరు. చీర గుండెలకు హత్తుకుని ముందు సీట్లో కూర్చున్నాను.

బస్సు కదిలింది. చక్రాన్ని చంకన పెట్టుకుని మా ఆయన చేన్లోంచి పరిగెత్తుకొచ్చాడు.

"డ్రైవరన్నా, ఆపు. నీ నట్లు మస్తు బిగుసుకున్నయి, చప్పుడే చెప్తుంది. జర సడలు చేస్త."

డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టి నా వైపు చూశాడు. "ఎవరమ్మా ఆయన?"

"నాకు తెల్వదన్నా" అన్నాను. "నువ్వు పోనియ్యి."