ఉస్తాదు పంచె

సున్నతు, అదే సుంతీ, అల్లా ఆజ్ఞ. ఆ ఆజ్ఞ పాటించిన పసివాడి నెత్తురు ఎందుకు ఆగలేదన్నది ఎనిమిదేళ్లపాటు నన్ను వదలని సందేహం. అడగడమే పాపమేమోనని ఎవరినీ అడగలేదు.

ఆ పసివాడు మా చెల్లెలు కుల్సుం పెద్దకొడుకు. ఆమె భర్త ఖాదర్ వలి మాచర్లలో దూది ఏకి పరుపులు కుడతాడు. గురజాల నుంచి మంగలి ఉస్తాదు పీర్ సాహెబ్ వచ్చి సున్నతు చేశాడు. బూడిద అద్దినా, గుడ్డ కట్టినా నెత్తురు కారుతూనే ఉంది. మర్నాటికి బిడ్డ పోయాడు.

"నీ కత్తికి తుప్పు, నీ చేతికి శని!" అంటూ ఖాదర్ వలి ఉస్తాదును వీధిలోకి ఈడ్చాడు. ఆయనకు ఇవ్వాల్సిన బియ్యం, బెల్లం, కొత్త పంచె పళ్లెంలోనే ఉండిపోయాయి. ఆ తర్వాత మా వాళ్లెవరూ పీర్ సాహెబును సున్నతుకు పిలవలేదు.

కుల్సుం ఆ పంచెను పెట్టెలో దాచింది. యుద్ధం రోజుల్లో గుడ్డ దొరక్క చీరకు అతుకులేసుకుంది గాని దాన్ని మాత్రం చింపలేదు. "అది ఒకరి సొమ్ము అన్నా" అనేది.

రెండోవాడు మహమూద్. కింద పడితే మోకాలు వెలక్కాయంత వాచేది. పాలపన్ను ఊడిన రోజు దిండంతా తడిసింది. వాడి సున్నతుకు ఖాదర్ వలి చిలకలూరిపేట నుంచి వేరే ఉస్తాదును మాట్లాడాడు. కుల్సుం నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, వీడూ పోతాడు. ఏందో ఒకటి చెయ్యి."

దర్గాకని చెప్పి, ఇద్దర్నీ రైలెక్కించి గుంటూరులో మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. దయామణి డాక్టరమ్మ మోకాలు చూసి, "మీ అమ్మ అన్నదమ్ముల్లో ఇట్లా నెత్తురు ఆగక పోయినవాళ్లున్నారా?" అని అడిగింది.

మా మేనమామ గుర్తొచ్చాడు. పన్ను ఊడి, నోటినిండా నెత్తురుతో పోయాడట. జిన్ను పట్టిందని చెప్పేది అమ్మ.

"పాలు పేరుకోవాలంటే తోడు కావాలి గదా. వీడి నెత్తురులో ఆ తోడు లేదు. తల్లి మోసుకొస్తుంది, మగబిడ్డకు బయటపడుతుంది. తల్లికి తెలియనే తెలియదు, ఆమె తప్పు కాదు. కత్తి మాత్రం తగలనియ్యొద్దు" అంది డాక్టరమ్మ.

"మందు?"

"లేదయ్యా. కనిపెట్టుకోవడమే."

తిరిగి రాగానే మా మసీదులో నమాజు చేయించే పేష్ ఇమాముగారిని అడిగాను. ప్రాణానికి ముప్పుంటే సున్నతు చేయకపోయినా అల్లా తప్పు పట్టడన్నారు. ఎనిమిదేళ్ల బరువు దిగినట్టయింది. సంతోషంగా వెళ్లి అంతా ఖాదర్ వలికి చెప్పాను.

అతను దూది పక్కకు నెట్టాడు. "అయితే ఆ నెత్తురు నాది కాదన్నమాట." కుల్సుం వైపు తిరిగాడు. "ఏమే, నీ పుట్టింటి రోగంతో నా కొడుకును మింగావా?"

"దాని తప్పు కాదని డాక్టరమ్మ..."

"తల్లి నుంచే వచ్చిందన్నావుగా. అది చాలు."

"మరి పీర్ సాహెబు సంగతి?"

"ఆయనదేముందిలే, పాతమాట. సున్నతు లేని కొడుకును నలుగురిలో ఎట్టా తిప్పను? తీసుకుపో ఇద్దర్నీ."

నెల తిరక్కుండా బెల్లంకొండ సంబంధం చేసుకున్నాడు. "పిల్ల మొహం చూళ్లేదంట, దాని అన్నదమ్ముల పళ్లు చూశాడంట!" అని మా పక్కింటి ఖాతూన్ బీ నవ్వింది. కుల్సుం నవ్వలేదు.

అంతకుముందే, మా ఇంట్లో తన పెట్టె దించిన మర్నాడే, "గురజాల పోదాం అన్నా" అంది.

పీర్ సాహెబ్ సంత చివర రైతులకు గడ్డాలు గీస్తున్నాడు. చూపు మందగించింది. కుల్సుం పళ్లెం ముందు పెట్టింది. బియ్యం, బెల్లం కొత్తవి. పంచె మడతల దగ్గర పసుపుబారింది.

"ఎవురమ్మా?"

"మాచర్ల ఖాదర్ వలి ఇంటిదాన్ని ఉస్తాదూ. తప్పు నీ కత్తిది కాదు, నా బిడ్డల నెత్తురే పేరుకోదంట."

"నీ మొగుడు రాలేదా?"

"రాడు."

పిల్లవాణ్ని తడిమి చూశాడు. ఒళ్లోని కత్తిని మడిచి దూరంగా పెట్టి, బెల్లం ముక్క విరిచి వాడి నోట్లో పెట్టాడు. పంచె దులిపి భుజాన వేసుకున్నాడు.

"ముట్టిందమ్మా" అన్నాడు.