దింపేయడం

పొద్దున్నే పళ్ల డాక్టరమ్మ ఫోనులో తల్లితో అన్న మాట డ్రైవరు చెవిన పడింది.

"ఇవాళ డ్రైవర్‌గారిని దింపేస్తున్నానమ్మా. రేపట్నుంచి బండి నేనే నడుపుకుంటా."

తనని పన్లోంచి తీసేస్తోంది అనుకున్నాడతను. కూతురి పురుడికి తను సెలవడిగితే "చూద్దాంలెండి" అన్నది ఇందుకన్నమాట. ఈ వయసులో ఇంకెవరు పన్లో పెట్టుకుంటారు?

పైగా ఆవిడే స్టీరింగు ముందు కూర్చుంది. "పక్కనుండి చెప్పండి. టోల్ రోడ్డెక్కి మీ అమ్మాయి ఊరి దగ్గర దిగుదాం. మీ బట్టల సంచి కూడా తెచ్చుకోండి."

సంచితో సహా సాగనంపుతోంది!

డ్రైవరు నోరు బిగించుకున్నాడు. అడిగినంతవరకే చెప్పాడు.

"టోల్ గేటు దగ్గర ఆగాలా?"

"మెల్లగా పోనివ్వండి. అద్దం మీది టోల్ స్టిక్కరుని గేటే చదువుకుంటుంది."

గేటు లేచింది. "నేను పన్ను పీకితే గోల పెడతారు. వీళ్లు పన్ను గుంజితే ఒక్కరూ కిక్కురుమనరు," అని నవ్విందావిడ. అతను నవ్వలేదు. నవ్వుతూనే గొంతు కోసే రకం అనుకున్నాడు.

నగరం వెనకబడింది. దూరంగా, దిగే దారి బోర్డు కనిపించింది. ఇప్పుడే అంచు వరసలోకి రావాలి. అతను చెప్పలేదు. దగ్గొచ్చినట్టు కిటికీ వైపు తిరిగాడు. దారి తప్పితేగాని తన విలువ తెలియదు.

పక్కన లారీ అడ్డు. దిగే దారి వెనక్కి పోయింది.

"అయ్యో! అదేగా మన దారి? మీకు తెలీదా?"

"తెలుసు."

"మరి చెప్పరేం? నోరు తెరిపించడం నా పనే, తెరవండి."

"నన్ను దింపేస్తానన్నారుగా ఫోన్లో."

ఆవిడ ముందు తెల్లబోయింది. తర్వాత పగలబడి నవ్వింది. "మీ అమ్మాయి గుమ్మంలో దింపుతానన్నానండీ బాబూ, పన్లోంచి కాదు! మీరు తిరిగొచ్చేదాకా బండి నేనే నడుపుకోకపోతే మీకు సెలవెలా ఇస్తాను?"

డ్రైవరు తల వంచుకున్నాడు.

"ముందు ఇంకో దిగుడు ఉందమ్మా. బోర్డు కనపడగానే అద్దం చూసి అంచుకి రండి. దిగాకగానీ బ్రేకు తొక్కొద్దు."

తనని దింపాక ఆవిడ ఒంటరిగా వెనక్కెలా వెళ్లాలో కూడా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఈసారి ఆవిడ తడబడకుండా దిగింది. మలుపు కూడా చక్కగా తిప్పింది.

మరీ చక్కగా తిప్పింది. అంతా నేర్పేశానా ఏమిటి, అని అతనికి మళ్లీ అనుమానం మొదలైంది.