అండర్ అంటే కింద

నేను ఒక చెక్కపెట్టెను. ఎవరినీ నమ్మను. ఎందుకు నమ్మాలి చెప్పండి? నా పుట్టుకే అబద్ధంతో మొదలైంది. రేపల్లెలో సోమాచారి అనే వడ్రంగి నన్ను యాపిల్ పళ్ళ డబ్బాల చెక్కతో చేసి, "అసలైన టేకమ్మా!" అని ఎస్తేరు రాణి టీచరుకు అంటగట్టాడు. ఆమె వేలితో తట్టి చూసి, నవ్వి, కొనుక్కుంది. టేకు కాదని ఆమెకు తెలిసిపోయింది. తెలిసీ ఎందుకు కొన్నట్టు? ఆ అనుమానం నాకింకా తీరలేదు.

టీచరు ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతికి ఇంగ్లీషు చెప్పేది. నాలో ఎర్ర రబ్బరు బంతి వేసి "వేర్ ఈజ్ ద బాల్?" అనేది. "ఇన్ ద బాక్స్!" అని పిల్లలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవాళ్ళు. బంతి నా మీద ఉంటే 'ఆన్', నన్నెత్తి నా కింద పెడితే 'అండర్'. పెట్టేదీ తనే, ఎక్కడుందని అడిగేదీ తనే. అందరి కళ్ళెదుటా పెట్టి మళ్ళీ అడిగే మనిషిని చూస్తే మీకు మాత్రం అనుమానం రాదూ?

ఆ పాఠాన్ని పిల్లలకంటే శ్రద్ధగా వినేది ఆయా సైదమ్మ. గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడి, "అండర్ అంటే కింద" అని గొణుక్కునేది. స్కూల్లో ఆయాలు కూడా ఇంగ్లీషే మాట్లాడాలని కరస్పాండెంటు హుకుం. మొగుడు పోయాక ఆమెకు ఆ ఉద్యోగమే దిక్కు, పాపం నేర్చుకుంటోంది అని అందరూ జాలిపడేవారు. నేను పడలేదు. ఈమె కళ్ళు నా మూత మీదే ఎందుకుంటాయా అని కాపు కాశాను.

ఒకరోజు మేడ మీద ఆఫీసు గదికి సున్నాలు వేస్తున్నారు. టీచరు సెలవులో ఉంది. సైదమ్మ గబగబా మెట్లు దిగి వచ్చింది. అటూ ఇటూ చూసి, నా మూత తెరిచి, గుడ్డలో చుట్టిన స్కూలు సీలును బంతి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. దొంగ! నా అనుమానం నిజమైందని లోలోపల పొంగిపోయాను.

మధ్యాహ్నం పదో తరగతి హాల్‌టికెట్ల మీద ముద్ర వెయ్యాలంటే సీలు లేదు. మా గది మెట్ల పక్కనే కాబట్టి పైన మాటలు నాకు వినిపిస్తాయి.

"వేర్ ఈజ్ ద సీల్, సైదమ్మా?"

"అండర్ సార్! బాక్స్ సార్!" ఆ గొంతులో ఎంత గర్వమో.

కరస్పాండెంటు దిగి వచ్చి, నన్నెత్తి, నా కింద చూశాడు. రెండు సుద్దముక్కలు, ఒక చచ్చిన బొద్దింక కనిపించాయి. నా కడుపులో ఏదో దొర్లితే బంతి అనుకున్నాడు. 'అండర్' అని చెప్పాక 'ఇన్' వెతకడానికి ఆయనేమన్నా చదువురానివాడా?

"నథింగ్ అండర్!" అన్నాడు పైకి వెళ్ళి.

"సున్నం పడుద్దని కింద పెట్టా సార్, కింద..."

"నో తెలుగు! కింద చూశాను, లేదు."

"అండరే సార్... అండరే!"

ఆమె చెప్పింది మేడ కింద. ఆయన చూసింది పెట్టె కింద. మేడ మీద నిలబడిన మనిషి 'కింద' అంటే కింది గదిలో అని మా ఊళ్ళో పాలు పోసేవాడికి కూడా తెలుసు. ఇంగ్లీషులో వినకపోతే ఆయనకూ తెలిసేదే. సున్నం మాట వినగానే నాకు సంగతి అర్థమైంది. ఆమె దొంగిలించలేదు, కాపాడింది. అరవాలనిపించింది, కానీ పెట్టెకు నోరెక్కడిది?

రేపట్నుంచి రావద్దన్నారు. వాచ్‌మన్ ఆమెను రెక్క పట్టుకుని నా ముందు నుంచే తీసుకెళ్ళాడు.

"ఆ పెట్టెలోనే ఉందయ్యా, ఒక్కసారి మూత తీసి చూడు," అంది సైదమ్మ.

"నాకు చెప్పమాక. నేను తీస్తే నేనే కాజేశానంటారు. పద," అన్నాడు వాచ్‌మన్.

మూడో రోజు టీచరు వచ్చి, పాఠానికని మూత తెరిచి గుడ్డ విప్పింది. పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు, "సీల్ ఈజ్ ఇన్ ద బాక్స్ టీచర్!" ఆమె ఒక్క పరుగున మేడెక్కింది. కరస్పాండెంటు మాత్రం "షీ సెడ్ అండర్" అని ఊరుకున్నాడు. టీచరే సైదమ్మ ఇంటికి వెళ్ళి, బతిమాలి తీసుకొచ్చింది.

ఇప్పుడు ఏ వస్తువు ఎక్కడుందని అడిగినా సైదమ్మ ఏ భాషలోనూ చెప్పదు. "రండి, చూపిస్తా" అని ముందు నడుస్తుంది. గుమ్మం దగ్గర నిలబడి పాఠం వినడం మానేసింది. రోజూ సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు నా మూత తెరిచి టీచరును పిలుస్తుంది.

"చూసుకోండమ్మా."

"ఇదేంటి సైదమ్మా! నీ మీద నాకు అనుమానమా?"

"మీకు లేదులేమ్మా," అని, నా మీది సుద్దపొడిని కొంగుతో తుడిచి మూత వేస్తుంది.

అందరికంటే ముందు ఆమెను దొంగ అన్నది నేనే. ఆ సంగతి తెలియక, రోజూ నన్నే తుడుస్తోంది.