సున్నా అక్క

ఎక్స్‌రే తగలకుండా వేసుకునే సీసపు కోటు పట్టీ నడుముకు బిగించుకుని ఆమె తెర ముందు కూర్చుంది. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే కుర్చీ, అదే నడుంనొప్పి. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. గుండె రక్తనాళంలోకి పంపే సన్నని తీగ, అడ్డుకు ముందూ వెనకా రక్తం ఒత్తిడిని కొలుస్తుంది. ఆ రెంటి నిష్పత్తి చదివి చెప్పడం ఆమె పని. తీగ సరిగ్గా కొలుస్తోందో లేదోనని కొలిచే ముందొకసారి, కొలిచాక ఒకసారి “తేడా సున్నా వచ్చిందా, చూశారా?” అని అడిగి అడిగి ఆసుపత్రి మొత్తానికీ సున్నా అక్క అయిపోయింది. వెక్కిరించేవాళ్లకు శ్రమ ఎందుకని కోటు మెడ మీద తనే గోళ్లరంగుతో ఎర్రటి సున్నా చుట్టుకుంది!

పోయిన వారం పెద్ద డాక్టరు పిలిచి, ఇంకొక్కసారి తన మాటకు అడ్డొస్తే పాత ఫైళ్ల గదికి పంపేస్తానన్నాడు.

ఈరోజు బల్ల మీద ఉన్నది కుళాయిలు బాగుచేసే మేస్త్రి. మెలకువగానే ఉన్నాడు. తెర మీద 0.78 పడింది. 0.80 దాటితే మందులు చాలు, దాటకపోతే స్టెంటు. పెద్ద డాక్టరు స్టెంటు తెమ్మన్నాడు. బయట ఇంకా ఆరుగురు రోగులున్నారు.

నోరు కట్టేసుకుందామనే చూసింది. నాలుక ఊరుకుంటేగా!

“తీగ వెనక్కి లాగండి సార్. సున్నా చూడలేదు.”

“అంకె కనబడుతోందిగా.”

“తీగ అబద్ధమాడుతోందేమో చూడాలి సార్. చూడకుండా రిపోర్టులో నేను రాయను.”

బల్ల మీంచి మేస్త్రి మెల్లగా అన్నాడు, “లాగండి సార్. నీళ్లు బాగా వచ్చే పైపు జోలికి నేనూ పోను.”

డాక్టరు పళ్లు బిగించి లాగాడు. రక్తనాళం మొదట్లో, రెండు ఒత్తిళ్లూ సమానంగా ఉండాల్సిన చోట, తేడా బయటపడింది. సరిచేసి మళ్లీ కొలిస్తే 0.84. స్టెంటు పెట్టె విప్పకుండానే బీరువాలోకి వెళ్లింది.

సాయంత్రం కాగితం వచ్చింది. రేపటి నుంచి ఫైళ్ల గది. కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టింది. క్షమాపణ అడిగితే ఆపుతారేమోనని నర్సు చెవిలో చెప్పింది. “తప్పు చేసుంటే అడిగేదాన్నే” అని, టిఫిన్ డబ్బా, కళ్లజోడు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు మొదటి కేసులో అంకె పడింది. స్టెంటు కోసం చాచిన డాక్టరు చెయ్యి మధ్యలో ఆగింది. తెర ముందున్న కొత్తమ్మాయి వైపు తిరిగాడు.

“సున్నా చూశావా?”

ఆ మాట ఆయన నోట విని ఎవరూ నవ్వలేదు. గోడ కొక్కేనికి సీసపు కోటు వేలాడుతోంది, మెడ మీద ఎర్రటి సున్నాతో.