దున్నపోతుకి ఏ క్లచ్చు?

పడవలాయనకి ఈ లోకంలో తెలియని విషయం ఒకటుందని యాభై ఎనిమిదో ఏట గానీ బయటపడలేదు. ఆ ఒక్కటీ క్లచ్చు. తెలియకపోవడం తప్పేమీ కాదు. తెలియదని ఒప్పుకోకుండా కనబడ్డవాళ్ళందరినీ అడిగి, అందరి మాటా నెత్తికెత్తుకుని తిరగడమే తప్పు. ఆ తప్పుని ఆయన మూడు రోజులపాటు శ్రద్ధగా చేశాడు.

రేవులో ఆయన అసలు పేరు ఎవరికీ పట్టదు. సీజను మొదట్లో జనం పడవల్ని నీళ్ళలోకి దించడం, సీజను చివర్లో ఒడ్డుకి లాగి షెడ్డులో పెట్టడం ఆయన పని. అందుకని పడవలాయన. ఆయన పని అనడం సగం మాటే లెండి. ఆయన నడుంలోతు నీళ్ళలో నిలబడి పడవని ట్రైలరు మీదికి సర్దుతాడు. ఆ ట్రైలరుని ఏటవాలు ర్యాంపు మీద వెనక్కి దించి, బరువుతో సహా పైకి లాగే డీజిల్ పికప్పు తోలేది ఆయన భార్య. ఇరవై రెండేళ్ళుగా ఇదే ఏర్పాటు. ఆ పికప్పుకి దున్నపోతు అని పేరు పెట్టింది ఆవిడే. డ్రైవరు సీటులో పూలగుడ్డతో కుట్టిన దిండొకటి వేసుకుంది. పక్కన కళ్ళజోడు పెట్టె పెట్టుకుంది. ఆ సీటులో ఇంకెవరైనా కూర్చుంటే, తన వంటింట్లో పరాయివాళ్ళు దూరినట్టుంటుంది ఆవిడకి.

పోయిన గురువారం ఆ దున్నపోతే కొంప ముంచబోయింది. నాలుగు టన్నుల పడవ ట్రైలరెక్కింది. ఆవిడ ఎక్సలేటరు తొక్కింది. ఇంజను రంకెలు వేసిందే గానీ చక్రాలు ముందుకి కదల్లేదు. కదలకపోతే పోయె, వెనక్కి జారడం మొదలెట్టాయి. ఆవిడ బ్రేకు తొక్కి నిలిపేసరికి నీళ్ళు తలుపుల అంచుదాకా వచ్చాయి. కాలిన వాసన గుప్పుమంది. పడవలాయనకి పైప్రాణాలు పైనే పోయాయి. "ఏం తోలుతున్నావే! చూసుకోవద్దూ!" అని అరిచాడు. అది భయంతో వచ్చిన అరుపని ఆయనకి తెలుసు. ఆవిడకి తిట్టులానే వినిపించింది. పక్క రేవు ట్రాక్టరు వచ్చి అన్నిటినీ పైకి లాగాక, ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

"క్లచ్చు పోయింది," అన్నాడు మెకానిక్కు మేస్త్రీ మర్నాడు, ట్రక్కు కింద పడుకుని.

"పోతే కొత్తది వేసెయ్."

"ఏది వెయ్యమంటారు?"

క్లచ్చు అంటే క్లచ్చు. అందులో 'ఏది' అనే ప్రశ్న ఒకటుంటుందని పడవలాయనకి అప్పటిదాకా తట్టలేదు. ఇంతకుముందు రెండుసార్లు మేస్త్రీ అడక్కుండానే వేసేశాడు మరి.

మేస్త్రీ బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. "పోయినేడాది మీ బావమరిది కంప్యూటరు పెట్టి ఇంజను పవరు పెంచాడు కదా. మూడొందల హార్స్ పవరు కాస్తా నాలుగొందల ఇరవై అయింది. బాగానే ఉంది. క్లచ్చు మాత్రం పాతదే. ఇంజను బలాన్ని చక్రాలకి అందించాల్సింది అదే. అంత బలాన్ని పట్టలేక జారిపోతోంది. ఇక గట్టిది వెయ్యాలి. మూడు రకాలున్నాయి."

"చెప్పు."

"ఒకే ప్లేటు, గట్టి స్ప్రింగు ఉన్నది ఒకటి. పెడలు రాయిలా ఉంటుంది. రెండోది సిరామిక్. ఉడుంపట్టు పడుతుంది గానీ నెమ్మదిగా పట్టడం దానికి రాదు. పట్టిందంటే బండిని విసిరికొడుతుంది. మూడోది రెండు ప్లేట్లది. మెత్తగానూ పడుతుంది, గట్టిగానూ పడుతుంది. కాకపోతే బండి ఆగి ఉన్నప్పుడు గలగలమంటుంది."

"ఇందులో మంచిదేది?"

"అన్నీ మంచివే."

"పోనీ, చెడ్డదేది?"

"మీ పనికి సరిపడనిది."

ఇంతకంటే విడమరిచి ఎవరూ చెప్పలేరని మేస్త్రీ నమ్మకం. పడవలాయన తల గోక్కున్నాడు. మేస్త్రీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. ఎనిమిదేళ్ళలో ఇది మూడో క్లచ్చు. ఉత్త పవరు వల్లే ఇలా కాలదు. ఆవిడగారు పెడలు మీద కాలు ఆనించి తోలుతున్నారేమో. ఆ కాలు అక్కడున్నంతకాలం ఏ క్లచ్చు వేసినా ఒకటే. ఈలోగా చిన్న పడవలు లాక్కోండి, పెద్దవాటి జోలికి పోకండి."

పెద్ద పడవలు ఇంకా పద్నాలుగున్నాయి. వాటిలో ఐదు టన్నుల తెల్ల పడవ ఒకటి. పదిహేను రోజుల్లో అన్నీ ఒడ్డెక్కాలి. అయినా ఆ పూట పడవలాయన బుర్రలో గిరగిర తిరిగింది పడవలు కాదు, ఆ కాలు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. "సిరామిక్ వేసెయ్ బావా, కళ్ళు మూసుకుని! పవరు పెంచాక పట్టుండాలి," అన్నాడు. పెంచింది తనే కాబట్టి పవరుని ఒక్క మాట అననివ్వడు. తర్వాత కాస్త నసిగి, "ఇంకో సంగతి బావా. అక్కకి వయసొస్తోంది. నాకు తెలిసిన డ్రైవరు ఒకడున్నాడు. సోమవారం నుంచి రమ్మంటాను. అక్క ఇంటిపట్టున సుఖంగా ఉంటుంది," అన్నాడు.

లోపల గిన్నెల చప్పుడు ఠక్కున ఆగిపోయింది. వద్దని అనాల్సింది పడవలాయన. అనలేదు. సరేననీ అనలేదు. "చూద్దాంలే," అన్నాడు, ఆ గదిలో అనగలిగిన మాటలన్నిటిలోకీ పనికిమాలిన మాట అది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూస్తే దున్నపోతు సీటులో దిండు లేదు. కళ్ళజోడు పెట్టె కూడా లేదు. ఇంటికొచ్చి చూస్తే ఆ దిండు వసారాలో కుర్చీ మీద ఉంది. ఆవిడ దాని పక్కనే కూర్చుని, దాని మీద కూర్చోకుండా, కూరగాయలు తరుగుతోంది. 'నీ కాలు పెడలు మీద ఉంటుందా?' అని అడగాలి. అడిగితే నేరం మోపినట్టు. అడక్కపోతే నేరం నమ్మినట్టు. ఏం చెయ్యాలో పాలుపోక ఫోనులో క్లచ్చుల వీడియోలు తెరిచాడు. అందులో ఒకడు సిరామిక్కే దిక్కన్నాడు. ఇంకొకడు సిరామిక్ వేసినవాడి గేరుబాక్సు ముక్కలైందని ముక్కలు చూపించాడు. మూడోవాడు పదిహేను నిమిషాలు మాట్లాడి చివర్లో మీ ఇష్టం అన్నాడు. 'నా ఇష్టమేమిటో తెలిస్తే నీ మొహం ఎందుకు చూస్తానురా!' అని పడవలాయన ఫోను బల్ల మీద బోర్లించాడు.

చివరికి విడిభాగాల దుకాణానికే పోయాడు. కౌంటరు దగ్గర పాతికేళ్ళ అమ్మాయి ఉంది. చెవి మీద పెన్సిలు పెట్టుకుంది, ముందు కాగితం పెట్టుకుంది.

"ఏ క్లచ్చు కావాలి సార్?"

"నువ్వూ అదే అడుగుతావేమిటమ్మా!"

అమ్మాయి నవ్వి, "సరే, నేనే చెబుతాను. ముందు మీరు చెప్పండి. ట్రైలరుతో కలిపి ఎంత బరువు?" అంది. చెప్పాడు. "ఇంజను పవరు?" చెప్పాడు. "ఒక్కో పడవకి పెడలు ఎన్నిసార్లు తొక్కుతారు?" నీళ్ళు నమిలాడు. "సగం తొక్కి ఎంతసేపు పట్టి ఉంచుతారు? తోలేదెవరు? వాళ్ళ మోకాళ్ళెలా ఉన్నాయి?"

"మోకాళ్ళకీ క్లచ్చుకీ ఏమిటి సంబంధం?"

"క్లచ్చు తొక్కేది మోకాలే కదండీ," అంది అమ్మాయి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "ఇవి తెలుసుకుని రండి. ఊహించి చెప్పకండి."

ఇరవై రెండేళ్ళుగా ఆ ర్యాంపు మీద పని చేస్తున్న మనిషి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. దారంతా ఆలోచిస్తే ఒక సంగతి తేలింది. ర్యాంపు మీద, పడవతో, ఆ సీటులో తను ఒక్కసారీ కూర్చోలేదు.

"ఇవాళ చిన్న పడవ ఒకటి లాగుదాం. నేను తోలుతాను. నువ్వు నీళ్ళలో నిలబడు," అన్నాడు భార్యతో.

ఆవిడ కత్తి కింద పెట్టింది. "అంటే సోమవారం దాకా కూడా ఆగరన్నమాట. ఇవాళే దింపేశారు నన్ను."

"అది కాదే!"

"మరేది?"

ఏదో ఆయనకీ తెలీదు. ఆవిడ లేచి ఆయన రబ్బరు ప్యాంటు తొడుక్కుంది. అది ఆవిడకి చంకలదాకా వచ్చింది. ఇంకో రోజైతే ఇద్దరూ పడీపడీ నవ్వేవారు.

పడవలాయన సీటెక్కాడు. దిండు లేక సీటు గట్టిగా తగిలింది. ట్రైలరుని నీళ్ళలోకి దించడానికే మూడుసార్లు వంకర పోయాడు. ఆవిడ పడవని ట్రైలరు మీదికి తోసి, కొక్కెం తగిలించి, ముందుకి పొమ్మని సైగ చేసింది. అరగజం వెళ్ళాడో లేదో, అద్దంలో ఆవిడ అరచెయ్యి పైకి లేచింది. ఆగాడు. అందరు డ్రైవర్లలాగే హ్యాండ్ బ్రేకు వేశాడు. చెయ్యి దిగింది. బ్రేకు తీసి, పెడలు వదిలి బండి కదిల్చేసరికి అది రవ్వంత వెనక్కి జారింది.

"చెయ్యి దించగానే కదలాలి!" నీళ్ళలోంచి కేక. "క్షణం ఆలస్యమైతే పడవ పక్కకి పోతుంది! బ్రేకు గీకు అనకూడదు, సిద్ధంగా ఉండాలి!"

పడవలాయనకి ఆ మాటలు ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో తెలియలేదు. సరేనని ఈసారి బ్రేకు జోలికి పోలేదు. చెయ్యి లేచినప్పుడల్లా పెడలు సగం తొక్కి, ఎక్సలేటరు కొంచెం నొక్కి, ట్రక్కుని ఏటవాలు మీద అలాగే వేలాడదీశాడు. ఆవిడ తీరిగ్గా ఆ పక్క సర్దింది, ఈ పక్క సర్దింది. చెయ్యి దించింది. అరగజం పోగానే మళ్ళీ ఎత్తింది. మూడోసారికి ఆయన ఎడమ మోకాలు వణికింది. ఐదోసారికి తొడ పట్టేసింది. ఆరోసారి చెయ్యి లేచి అలాగే ఉండిపోయింది. అప్పుడొచ్చింది వాసన. గురువారం నాటి వాసనే.

పడవలాయన ఇంజను కట్టేసి, బ్రేకు వేసి, బూట్లతోనే నీళ్ళలోకి దిగాడు.

"చెయ్యి ఎందుకు ఎత్తుతున్నావ్?"

"మీరెందుకు ఎత్తుతారో అందుకే."

"బ్రేకు వెయ్యొద్దని ఎవరన్నారు?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది, వేళాకోళమేమోనని. "మీరే. మొదటి ఏడాది. పడవ పక్కకి పోయి గీసుకుపోయిందని రేవంతా వినేలా అరిచారు. చెయ్యి దించగానే కదలాలి, క్షణం ఆలస్యం కాకూడదు, బ్రేకు గీకు అనకూడదు, అని. ఆ రోజు నుంచి ఒక్కసారైనా బ్రేకు వేశానా? నాకక్కడ అద్దంలో కనిపించేది మీ చెయ్యొక్కటే. అది దిగేదాకా పట్టుకునుంటాను. ఈ మోకాలు చచ్చేట్టు నొప్పెడుతున్నా సరే."

పడవలాయన పడవ వంక చూశాడు. ఇందాక ట్రక్కు వెనక్కి జారింది కదా, పడవ పక్కకి పోవాలి కదా. వెంట్రుకవాసి కదల్లేదు. ట్రైలరుకి రెండు పక్కలా నిలువు కమ్మీలున్నాయి. వాటి మధ్య అది తొట్టెలో పిల్లలా పడి ఉంది. పాత ట్రైలరుకి కమ్మీలు లేవు. ఈ ట్రైలరు కొని ఎనిమిదేళ్ళయింది. ఎనిమిదేళ్ళుగా సర్దాల్సిన అవసరమే లేదు. తను అలవాటు కొద్దీ చెయ్యెత్తుతున్నాడు, తాపీగా పడవని నిమురుతున్నాడు, పైన ఆవిడ ఒంటికాలి మీద ట్రక్కునీ పడవనీ మోస్తోంది.

ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. "నీ కాలు కాదే," అన్నాడు. "క్లచ్చుని కాల్చింది నా చెయ్యి. ఒకటి కాదు, మూడు క్లచ్చులు. పైగా నీ మీదే అరిచాను. నిన్నే దింపేద్దామా అని చూశాను."

ఆవిడ జారిపోతున్న రబ్బరు ప్యాంటుని పైకి లాక్కుంది. తర్వాత, "నాకు చలేస్తోంది. ముందు దీన్ని పైకి లాగండి," అంది. గొంతు మాత్రం పాత గొంతే. ఆయనకి అది చాలు.

ఆ సాయంత్రమే బావమరిదికి ఫోను చేసి డ్రైవరు అక్కర్లేదని చెప్పాడు. వాడు ఎందుకని వాదించబోతే, "మీ అక్కకి వయసు రాలేదురా, నాకు బుద్ధి రాలేదు," అని పెట్టేశాడు. మర్నాడు కౌంటరు దగ్గర అమ్మాయికి అన్నీ అప్పజెప్పాడు. పడవకి ఆరుసార్లు తొక్కేవాళ్ళం, ఇక మీదట ఒక్కసారే. తోలేది మా ఆవిడ. ఎడమ మోకాలు నొప్పి.

"అయితే రెండు ప్లేట్లది వేసుకోండి. ఆ పవరుని పడుతుంది, నెమ్మదిగా కదులుతుంది, మోకాలికీ హాయి," అంది అమ్మాయి, పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకుంటూ. "ఆగినప్పుడు గలగలమంటుంది. పరవాలేదా?"

"మా ఇంట్లో మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదమ్మా. గలగలమంటే సంతోషమే."

మేస్త్రీ పాత ప్లేటు విప్పి బయటికి తీశాడు. అది నల్లగా మాడి, అక్కడక్కడా నీలం తిరిగి ఉంది. "చూశారా, నేను చెప్పలా? కాలి పనే," అన్నాడు.

"చేతి పని," అన్నాడు పడవలాయన.

మేస్త్రీ ప్లేటునీ, ఆయన చేతినీ, మళ్ళీ ప్లేటునీ చూశాడు. ఈసారి అయోమయం మేస్త్రీ వంతు.

తెల్ల పడవ లాగే రోజు దిండు సీటులోకి వచ్చింది, కళ్ళజోడు పెట్టె పక్కకి చేరింది. ఐదు టన్నులు ట్రైలరెక్కాయి. పడవలాయన పడవని ఒక్కసారి సర్ది, కొక్కెం తగిలించి, ముందుకి పొమ్మని సైగ చేసి పక్కకి తప్పుకున్నాడు. అరగజం కదలగానే కుడి చెయ్యి దానంతటదే లేవబోయింది. రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

ట్రక్కు ఆగింది. హ్యాండ్ బ్రేకు కిర్రుమంది. క్లచ్చు గలగలమంది. కిటికీలోంచి ఆవిడ తల బయటికొచ్చింది.

"ఏవండీ! చెయ్యి కనిపించడం లేదు, ఎక్కడున్నారు?"

"ఇక్కడే ఉన్నాను! నా చెయ్యి సంగతి వదిలెయ్, నువ్వు పో!"

ఆవిడ అద్దం సరిచేసుకుని తెల్ల పడవని ఆగకుండా ఒడ్డెక్కించింది.