మూడో రోజు ప్లేటు

సీసా మెడకు కట్టిన తాడును వేళ్ళ మధ్య జారవిడుస్తూ సుభాన్ బాషా కొర్లగుంట మురిక్కాలవ మీదికి వంగాడు. పైన తేలే నురగ వద్దు, అడుగున బురద వద్దు, మధ్యన పారే నీళ్ళు కావాలి. అరవైకి దగ్గరపడ్డ నడుము కలుక్కుమంది. గడప ముందు పళ్ళు తోముకుంటున్న ఒకాయన అడగనే అడిగాడు.

"ఏం భాయ్, రోజూ వస్తాండావు. ఈ నీళ్ళు ఏంటికి?"

"మందుకప్పా."

ఆయన నవ్వాడు. రెండేళ్ళ కిందట బాషా కూడా ఇలాగే నవ్వాడు.

తిరుపతిలో ఒక పెద్దాసుపత్రి ల్యాబులో అతడు ముప్పై ఒక్కేళ్ళుగా అటెండరు. సీసాలు కడగాలి, సూక్ష్మజీవులు చచ్చేలా గాజు ప్లేట్లు ఆటోక్లేవు ఆవిరిలో ఉడికించాలి, అంతే పని. గొప్పగా చెప్పుకోవడానికి ఒక్కటే ఉంది. డాక్టరు చూసేసిన ప్లేటు ఆ సాయంత్రం దాటి బల్ల మీద ఉండదు. రెండేళ్ళ కిందట ల్యాబు డాక్టరుగా రూపశ్రీ మేడమ్ వచ్చాక మురుగు మోసే పని కూడా తోడైంది. ఏ మందుకూ లొంగని సూక్ష్మజీవిని చంపే వైరస్సులు మురుగులోనే దొరుకుతాయట. రోగి ఒంట్లోని సూక్ష్మజీవిని ప్లేటులో పొరలా పెంచి, వడగట్టిన మురుగు చుక్క వేస్తారు. తగిన వైరస్ ఉంటే పొర కరిగి చిన్న చిన్న గుంటలు పడతాయి. ఏ తాళానికి ఆ చెవే.

పదమూడు రోజులుగా వెతుకుతున్నది పదిహేడో బెడ్డు కోసం. కిడ్నీలో రాయి తీశాక చేరిన సూక్ష్మజీవి నెత్తురులోకి పాకింది. ఆ బెడ్డు మీద ఉన్నది అతడి భార్య జహీరున్నీసా.

సీసా ల్యాబు గుమ్మంలో పెట్టి ముందు వార్డుకే వెళ్ళాడు. ఆమె కళ్ళు తెరవకుండానే అడిగింది.

"చేతులు కడుక్కున్నావా?"

ముప్పై ఒక్కేళ్ళుగా ఇంటి వాకిట్లో అడిగే మాటే.

"కడుక్కున్నా లే."

"దొరికిందా?"

"దొరుకుతాది."

"కాలవకాడ కాలు జారేవు. సూసుకోని పో."

ఆమె నుదురు పెనంలా కాలుతోంది.

ల్యాబులో బల్ల చూసి అతడికి సిగ్గేసింది. జహీరున్నీసాకు జ్వరం ముదిరి వార్డులోనే ఉండిపోవడంతో రెండు సాయంత్రాలుగా ప్లేట్లు ఉడికించలేదు. ముప్పై ఒక్కేళ్ళలో ఇదే మొదటిసారి. ఒక ప్లేటు తీసి బుట్టలో వేయబోతూ, అలవాటు కొద్దీ కిటికీ వెలుతురుకు ఎత్తాడు. పొర మీద నూకగింజంత గుంటలు ఉన్నాయి. మూత మీద నీలిసిరాతో పదిహేడు అని ఉంది.

రూపశ్రీ మేడమ్ లెన్సుతో చూసి, మూత మీది తేదీ చదివింది.

"ఏ కాలవ నీళ్ళు ఇవి?"

"కొర్లగుంటవే మేడమ్. మొదటి రోజు నించీ ఆన్నించే తెస్తాండా."

"ఈ వైరస్ చాలా నిదానం బాషా గారూ. మర్నాటికి కంటికి ఆనదు. మూడో రోజుకు గానీ..."

ఆ మిగిలిన మాట అతడికి అర్థమైంది. మొదటి రోజు ప్లేటును మర్నాటి సాయంత్రమే ఉడికించి, సబ్బు పెట్టి తళతళలాడేట్టు తోమింది అతడే. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత అంటారు. అతడు చేసింది శుభ్రత.

"నేనే ఉడకబెట్టినా మేడమ్."

"ఏమీ లేదని పక్కన పెట్టింది నేను."

"ఇప్పుడు ఇయ్యొచ్చు గదా?"

"పెంచాలి, శుద్ధి చేయాలి, అనుమతి రావాలి. ఎంత పరుగులు పెట్టినా వారం."

పోగొట్టుకున్నది వారం కంటే ఎక్కువే. అతడు కొళాయి తిప్పి ఏదో ఒక సీసా కడగడం మొదలుపెట్టాడు. వేరే ఏం చేయాలో అతడికి తెలియదు.

మూడున్నరకు వార్డు నుంచి కోమలి సిస్టర్ ఫోను చేయకుండా తానే కిందికి వచ్చింది.

"బాషా భాయ్, ఒకసారి పైకి రాండి."

ఆ మెత్తదనంతోనే అతడికి తెలిసిపోయింది. అయినా సబ్బు తీసుకుని రెండు చేతులూ మోచేతుల దాకా కడుక్కుని, తుడుచుకుని, మెట్లెక్కాడు. పదిహేడో బెడ్డు దగ్గర ఆ మాట అడిగేవాళ్ళు లేరు.

ఆ సాయంత్రం ల్యాబుకు మేడమే తాళం వేసింది. చీకటి పడుతున్న బల్ల మీద పదిహేడో నంబరు ప్లేటు ఒక్కటే మిగిలింది. పొద్దున నూకగింజంత ఉన్న గుంటలు అప్పటికి బియ్యపు గింజంత అయ్యాయి.