ఇరవై మూడో పేరు

'పెన్నాగట్టు గ్రామీణ విద్యుత్ సహకార సంఘం' అని బోర్డు మీద అంత పొడుగున రాసి ఉంటుంది గానీ, ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఆ పేరు మొత్తం పలికిన మనిషి ఇంతవరకూ కనిపించలేదు. అందరికీ అది కరెంటు సొసైటీ. విజయదుర్గ అందులో గుమాస్తా. కాంట్రాక్టు ఉద్యోగం. పదకొండేళ్లుగా చేస్తున్నా, మార్చి నెల వచ్చిందంటే చాలు, ఈసారి ఉంచుతారో లేదోనని ఆమెకు అన్నం సయించదు.

ఆమె చేసే పనుల్లో జనానికి బాగా నచ్చింది ఒకటే. నెలనెలా బిల్లుతో పాటు ఇంటింటికీ వెళ్లే నాలుగు పేజీల పత్రిక. అందులో కరెంటు సంగతులు ఒక పేజీ, మనుషుల సంగతులు మూడు పేజీలు. అనంతసాగరంలో ఎవరి మనవరాలు పదో తరగతిలో మండలం ఫస్టు వచ్చింది, ఎవరింట్లో కవలలు పుట్టారు, వరికుంటపాడు జనార్దనయ్య గారి గేదె తప్పిపోయి నాలుగు రోజులకు సబ్‌స్టేషన్ కంచె లోపల పచ్చగడ్డి మేస్తూ ఎలా దొరికింది, అన్నీ ఆమే రాసేది. బిల్లు చూసి మొహం మాడ్చుకునే ముందు జనం ఆ కబుర్లు చదివి కాసేపు నవ్వుకునేవాళ్లు.

ఏడాదికోసారి మహాజన సభ జరుగుతుంది. ఆ సభలో ఇంకెక్కడా లేని ఆచారం ఒకటుంది. వేదిక మీద ఒక పెద్ద చెక్కకు వరసగా బల్బులు బిగించి పెడతారు. ఆ ఏడాది కన్నుమూసిన సభ్యుల పేర్లు అధ్యక్షుడు ఒక్కొక్కటే చదువుతాడు. పేరు చదవగానే ఆ ఇంటివాళ్లు వచ్చి స్విచ్చి నొక్కుతారు. ఒక బల్బు వెలుగుతుంది. పోయిన మనిషి సభ్యత్వం ఇంటివాళ్ల పేరుకు మారిన కాగితం వాళ్ల చేతికి వస్తుంది. ఏడ్చేవాళ్లు ఏడుస్తారు, ఫొటో దిగేవాళ్లు దిగుతారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

ఈ ఏడాది సభ ఆత్మకూరులో ఒక కల్యాణమంటపంలో పెట్టారు. పొద్దున తొమ్మిదికల్లా షేర్ ఆటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చి జనాన్ని దింపుతున్నాయి. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని విజయదుర్గ వచ్చినవాళ్లకల్లా వార్షిక సంచిక పంచుతోంది. నాలుగైదు వందల ప్రతులు పంచాక కాస్త తీరిక దొరికి, ఒకటి తీసి తిరగేసింది. చివరి పేజీలో 'స్వర్గస్థులైన మన సభ్యులు' అని ముప్ఫై ఒక్క పేర్లున్నాయి. ఇరవై మూడో పేరు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

'మునెయ్య, చెరువుకట్ట పాలెం.'

విజయదుర్గ సంచిక మూసి, మళ్లీ తెరిచి చూసింది. మునెయ్య పోయాడని ఎవరూ చెప్పలేదు. ఉన్నాడనీ ఎవరూ చెప్పలేదు. కరోనాకు ముందు ఏడాది రొయ్యల గుంటల కాపలాకని సముద్రం వైపు వెళ్లాడు. నాలుగు నెలలు ఫోన్లు చేశాడు, తర్వాత ఆ ఫోను మోగలేదు. పనిలో పెట్టుకున్న మేస్త్రీని అడిగితే, నేనే ఊరికి బస్సెక్కించానన్నాడు. బస్సు వచ్చింది గానీ మనిషి రాలేదు. ఆయన భార్య రోశమ్మ చెరువులో చేపలు పట్టి బస్టాండు దగ్గర అమ్ముకుంటూ, ఒక్కగానొక్క కూతురు సరళను నెల్లూరులో నర్సింగు చదివిస్తోంది. పొద్దున్నే రూపాయంత బొట్టు పెట్టుకోనిదే ఆమె బుట్ట నెత్తికెత్తదు.

ఈ వేసవిలో రోశమ్మకు కాలనీలో ఇల్లు లేచింది. మీటరేమో పాత గుడిసెలో మునెయ్య పేరు మీద ఉంది. దాన్ని కదిలించాలంటే ఆయన సంతకం కావాలి. ఆమె పేరుతో కొత్తది తీసుకుందామంటే, ఒక కుటుంబానికి ఒకటే సభ్యత్వమని రూలు. రోశమ్మ ఆఫీసుకు ఐదుసార్లు తిరిగింది.

"ఆయనొచ్చి సంతకం పెడితే ఇంక నాకు కరెంటెందుకమ్మా, ఆయనే చాలు గదా," అని ఐదోసారి నవ్వింది కూడా.

ఆ నవ్వు చూసి విజయదుర్గ చేయకూడని పని చేసింది. పేరు మార్పు దరఖాస్తులో 'కారణం' కింద మూడే మూడు గళ్లుంటాయి: అమ్మకం, భాగపంపకం, మరణం. మొదటి రెంటికీ సభ్యుడి సంతకం ఉండాలి. మూడోదానికి లైన్‌మన్ విచారణ సంతకం ఉంటే చాలు. ఎవరింట్లో ఎవరున్నారో లైన్‌మన్‌కు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని సొసైటీలో మొదటి నుంచీ అదే అలవాటు. విజయదుర్గ మూడో గడిలో టిక్కు పెట్టింది. లైన్‌మన్ పెంచలనరసయ్య, దుర్గమ్మ రాసింది కదా అని చదవకుండానే బండి సీటు మీద పెట్టి సంతకం గీకేశాడు. వారంలో రోశమ్మ ఇంట్లో లైటు వెలిగింది. ఆ కాగితం బీరువాలో పడి ఉంటుంది, ఎవరు చూడొచ్చారనుకుంది విజయదుర్గ. సంతాపం జాబితాను కంప్యూటరే ఆ గడిని చూసి తయారుచేసి నేరుగా అచ్చుకు పంపుతుందని తెలిసి కూడా, ఆ సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

ఆమె సంచిక పట్టుకుని కార్యదర్శి బాలసుబ్రహ్మణ్యం దగ్గరికి పరుగెత్తింది. సంగతంతా చెప్పేసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడేమీ కాదు, రూలు పుస్తకం పక్కన లేకపోతే ఊపిరాడని మనిషి.

"ఆ పేరొక్కటి వదిలేయమనండి సార్."

"వదిలేస్తే ఎందుకు వదిలేసినారని అడుగుతారమ్మా. అప్పుడు నీ టిక్కు బయటపడుద్ది. ఆ మార్పు చెల్లదు, మీటరు పీకాల్సొస్తుంది. నీ ఉద్యోగం సంగతి నా చేతిలో ఉండదు. ఒక్క నిమిషం కళ్లు మూసుకో, అయిపోతుంది. ఆమెకు చదువు రాదు గదా."

"చెవులు వినపడతాయి గదా సార్," అంది విజయదుర్గ. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వేదిక వైపు వెళ్లిపోయాడు.

రోశమ్మ రెండో వరసలో కూర్చుని ఉంది. ఇలాంటి సభకు రావడం ఆమెకు ఇదే మొదలు. సభ్యత్వ కాగితం ఇస్తారు రావాలని కబురు వెళ్లింది, అంతే. కొత్త చీర, చేతినిండా గాజులు, రోజూ పెట్టేదానికంటే ఇంకాస్త పెద్ద బొట్టు. విజయదుర్గను చూడగానే పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఏందమ్మా, మొగం అట్టుండాది? తిన్నావా లేదా?"

"రోశమ్మక్కా, ఒకసారి బయటికి రా. నీతో మాట్లాడాల."

"పేరు పిలిచేటప్పుడు లేకపోతే ఎట్టమ్మా? కాగితం తీసుకునేటప్పుడు ఫొటో తీయించి పంపియ్యమని మా సరళ పొద్దున్నించి రెండుసార్లు ఫోను చేసింది. మీ పేపరంటే దానికి ప్రాణం. సెలవులకొస్తే పాతవన్నీ ముందరేసుకుని చదువుద్ది."

ఇంతలో అధ్యక్షుడు ప్రేమానందం మైకు ముందుకొచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. ఎవరి కోసమో తెలియకపోయినా రోశమ్మ కూడా లేచి చేతులు కట్టుకుంది. మొదటి పేరు చదివారు. ఒక ముసలాయన వచ్చి స్విచ్చి నొక్కాడు. రెండో పేరు. మూడో పేరు. అనంతసాగరం ఆదిశేషమ్మ తన భర్త పేరు మీద బల్బు వెలిగించి, దానికి దండం పెట్టి పక్కకు వచ్చింది. పదిహేనో పేరు దగ్గర ఇద్దరు అన్నదమ్ములు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

రోశమ్మ తల తిప్పి విజయదుర్గను చూసింది. "ఇవన్నీ పోయినోళ్ల పేర్లా అమ్మా?" అని మెల్లగా అడిగింది.

విజయదుర్గకు వేదిక వైపు నడిచే ధైర్యం ఎక్కడి నుంచో వచ్చింది. ఇరవై రెండో బల్బు వెలిగేటప్పటికి మెట్లెక్కి, ప్రేమానందం చేతిలోని కాగితం మీద అరచెయ్యి పెట్టేసింది.

"తర్వాతి పేరు చదవబాకండి సార్. అది నా తప్పు."

మైకులో ఆ మాట మంటపమంతా వినిపించింది. ఇంక దాచడానికేమీ లేదు. గుడిసె, కొత్త ఇల్లు, ఐదుసార్లు తిరగడం, మూడు గళ్లు, టిక్కు, అన్నీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ రోశమ్మ వైపు చూడలేదు. చెప్పడం అయ్యాక చూడక తప్పలేదు.

రోశమ్మ నిలబడే ఉంది. "అంటే, మా ఇంటాయన చచ్చిపొయినాడని రాసినావా అమ్మా?"

"రాసినానక్కా."

"నన్నడక్కుండానే?"

"అడగలా."

రోశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్న ఆడవాళ్లు ఆమె భుజం పట్టుకున్నారు. బాలసుబ్రహ్మణ్యం మైకు అందుకుని, రూలు ప్రకారం ఈ పేరు మార్పు చెల్లదని, మీటరు పాత చోటికే పెట్టాల్సి ఉంటుందని చెప్పాడు. ఆ మాట చెప్పడం ఆయనకూ కష్టంగానే ఉందని చూసినవాళ్లకు తెలుస్తూనే ఉంది.

వెనక వరసలో నుంచి పెంచలనరసయ్య చెయ్యెత్తాడు. "ఆ కాగితం మీద సంతకం నాదే సార్. చదవకుండా పెట్టినాను, నాక్కూడా మెమో ఇయ్యండి, తీసుకుంటా. మీటరు పీకమంటే మాత్రం నేను పీకను. ఇంకెవురినన్నా చూసుకోండి."

చప్పట్లు కొట్టేవాళ్లు కొట్టారు, గొణిగేవాళ్లు గొణిగారు. ఒకరికి రూలు సడలిస్తే రేపు అందరూ ఇదే అడుగుతారని ఎవరో అరిచారు. అప్పుడు ఆదిశేషమ్మ, తన సభ్యత్వ కాగితం ఇంకా చేతిలోనే పట్టుకుని, మైకు దగ్గరికి వచ్చింది.

"సొసైటీ ఎవురిదయ్యా? మనది గాదా? ఆ మూడు గళ్లు ఎవురు గీసినారు? మన పెద్దోళ్లే గదా. మనిషి యాడుండాడో తెలియని ఇల్లు ఒకటుంటాదని వాళ్లకి తోచలా. ఇప్పుడు తెలిసింది గదా, ఇంకో గడి గీయండి."

ఇంత చిన్న మాట ముప్ఫై ఏళ్లుగా ఎవరికీ ఎందుకు తట్టలేదో ప్రేమానందానికి అర్థం కాలేదు. మహాజన సభ ఒప్పుకుంటే నియమావళిని మార్చవచ్చా అని కార్యదర్శిని అడిగాడు. బాలసుబ్రహ్మణ్యం పుస్తకం తిరగేసి, మార్చవచ్చన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం కాస్త తేటపడింది.

మరి ఆ గడిలో ఏం రాయాలి? 'ఆచూకీ లేదు' అందామన్నారు ఒకరు. 'ఊరు విడిచిన సభ్యుడు' అన్నారు ఇంకొకరు. అది వినగానే రోశమ్మ కొంగు తీసి చురుగ్గా చూసింది.

"ఆయనేం ఊరిడిచి పోలా. మమ్మల్నిడిచీ పోలా. పనికి పొయినాడు. అంతే రాయండి."

ప్రేమానందం ఆ మాటనే మైకులో మళ్లీ చదివి, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు. లెక్కపెట్టే అవసరం రాలేదు. రోశమ్మను వేదిక మీదికి పిలిచి సభ్యత్వ కాగితం ఇచ్చారు. ఆమె స్విచ్చి వైపు కన్నెత్తి చూడలేదు. ఎవరూ చూడమనలేదు.

కాగితం తీసుకున్నాక ఆమె మైకు పక్కనే నిలబడిపోయింది. "మీ చేతుల్లో ఉండే పేపర్లు ఇళ్లకు పోతాయి గదా. మా సరళ చదువుద్ది. వాళ్ల నాయన రేపో మాపో వస్తాడని ఉండాది అది," అంది.

మొదటి వరసలో ఎవరో జేబులోంచి పెన్ను తీశారు. ఇరవై మూడో పేరును అడ్డంగా, ఒక్క అక్షరం కనపడకుండా కొట్టేశారు. పెన్ను పక్కవాళ్లకు వెళ్లింది. చదువు రానివాళ్లు ఏ వరసో అడిగి కొట్టించుకున్నారు. ఆ తర్వాత మిగిలిన ఎనిమిది పేర్లూ చదివారు, ఎనిమిది బల్బులూ వెలిగాయి. పంచని ప్రతులు కట్టలు కట్టలుగా బల్ల మీదికి తెచ్చి, విజయదుర్గ, పెంచలనరసయ్య, ఆఖరికి బాలసుబ్రహ్మణ్యం కూడా కూర్చుని భోజనాల వేళ దాకా గీతలు గీశారు. విజయదుర్గ ఉద్యోగం సంగతి వచ్చే సమావేశంలో చూద్దామన్నారు. ఆమెకు ఆ రోజు ఆకలి బాగా వేసింది.

సాయంత్రం ఆటోలు బయల్దేరుతుంటే రోశమ్మ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. విజయదుర్గ ఏదో అనబోయి ఏడ్చేసింది.

"ఏడవబాక. నీ మీద నాకేం కోపం లేదు," అంది రోశమ్మ. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కొట్టెయ్యని పేపరు ఒకటి ఉంటే నాకియ్యమ్మా."

విజయదుర్గకు అర్థం కాలేదు. "కొట్టెయ్యనిదా? ఎందుకక్కా?"

"ఆరేళ్లాయ. నాకు మాత్రం తెలీదా? ఏదో ఒక రోజు సరళకి చెప్పాల గదా. ఆ మాట నా నోటికి రాదు. అదే చదువుకుంటాది."

విజయదుర్గ సంచిలో అడుగున మిగిలిన ప్రతిని తీసి ఇచ్చింది. రోశమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఏ పక్క ఏ పేరుందో తనకు తెలియకపోయినా, ఒకసారి చేత్తో నిమిరి రొంటిన దోపుకుంది. బొట్టు చెదిరిందేమోనని చూపుడువేలితో సరిచేసుకుని, ఆటో ఎక్కింది.